మూడో భాగంలో తమ్ముడు

అమలాపురం నుంచి కొత్తపేట వెళ్ళే బస్సులో ఫోన్‌లో స్నేహితుడితో వాదిస్తున్నాను. "ఆ వీడియో గేమ్ రెండో భాగంలో హీరో తమ్ముడు ఏట్లో మునిగి చనిపోయాడు కదా. మూడో భాగంలో ఏమీ జరగనట్టు వచ్చి భోజనానికి కూర్చున్నాడేంట్రా? రాసినవాళ్ళకి బుర్ర లేదు."

ఫోన్ పెట్టేశాక పక్కసీటులోని పెద్దావిడ నెమ్మదిగా అడిగారు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని ఆ తమ్ముణ్ణి ఇంట్లోవాళ్ళు అడిగేరా బాబూ?"

"లేదండి. ఎవరూ అడగలేదు. అదే తప్పు."

"తప్పు కాదు బాబూ. అడిగితే మళ్ళీ వెళ్ళిపోతాడు."

కాలువ లాకుల దగ్గర ఆవిడ దిగారు. వెనక్కి చూడకుండా, ఇంకెవరో దిగాల్సి ఉన్నట్టు బస్సు మెట్టు పక్కనే కాసేపు ఆగి, అప్పుడు నడిచారు. ఆవిడ వెనక ఎవరూ దిగలేదు.

ఇప్పుడు నాలుగో భాగం వచ్చింది. తమ్ముడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. నేనూ అడగడం లేదు.