మీటరు లేపేసిన వాకిలి

కరెంటు మీటరు మా గూడెం జనాన్ని నా వాకిట్లోంచి లేపేసింది. రేట్లు పెంచేవాళ్లు ఈ నష్టాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను.

ఆ రోజుల్లో పినపాక అవతల మా గూడెంలో కరెంటు ఉన్నది నా ఒక్కడి ఇంట్లోనే. పేదల ఇంటికి ఒకే బల్బు, మా మాటలో బుగ్గ; ఎంతసేపు వెలిగినా నెలకు ఒకే రేటు. అమ్మానాయనలు పోయి, తునికాకు కల్లంలో కాపలా కాస్తూ, పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకుంటున్న ఒంటరివాణ్ణి. దీపాలవేళకు గూడెమంతా ఆకు మూటలతో నా వాకిట్లోకి దిగేది. కట్టలు కట్టుకుంటూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు. (ఎక్కువగా నన్నే. నా పెండ్లి సంగతి తేలకుండా ఒక్క కట్టా పూర్తయ్యేది కాదు.) నాకు ఇల్లంటే ఆ సందడే.

అంతలో సర్కారు ఆలోచన మారింది. వాడినంత కట్టాలంటూ గోడకు మీటరు బిగించి పోయారు. లోపల చక్రం తిరగడం చూసి ఎదురింటి అక్క మూట దించకుండానే నిలబడింది. “తమ్మీ, ఇద్దరికి వండితే ఒక తీరు, ఇరవై మందికి వండితే ఒక తీరు. వెలుతురు మాత్రం పుక్కట్ల వస్తదా? ఇంతమంది కండ్లకు కాలితే నీ కొంప మునుగుతది” అంది. అందరికీ అది న్యాయంగానే తోచింది. (చెప్పొద్దూ, నాకూ తోచింది.) మర్నాటి నుంచి కొందరు బుగ్గకు వీపు పెట్టి కూర్చున్నారు. తాత ఒకాయన కండ్లు మూసుకునే కట్టలు కట్టాడు. “గట్ల మూసుకుంటే ఏం మిగులుతది తాతా?” అంటే, “నా వాటా మిగులుతది బిడ్డా” అన్నాడు. తర్వాత మొహమాటపడి ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి బుగ్గ కింద నేనూ, పురుగులూ మిగిలాం.

ఉండబట్టలేక కరెంటు ఆఫీసుకు నడిచి వెళ్లాను. “సారూ, మీటరు మనుషుల్ని లెక్కపెడతదా?” అని అడిగాను. ఆయన తల ఎత్తకుండా, “ముందు నీ వెనుక లైన్ల ఎంతమంది ఉన్నరో నువ్వు లెక్కపెట్టు” అన్నాడు. నేను కదలలేదు. నా పీడ వదిలించుకోవడానికే లైన్‌మన్‌ను గూడేనికి పంపాడు. అతను అందరినీ పిలిచి మీటరు ముందు నిలబెట్టి, “పదిమంది కూసున్నా, వందమంది కూసున్నా చక్రం గింతే తిరుగుతది. బిల్లు గంతే” అని చెప్పాడు. గెలిచాననుకుని ఆ సాయంత్రం వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, చాపలు పరిచాను. ఎవరూ రాలేదు. అప్పటికే ఇంటింటికీ కరెంటు లాగి, తలా ఒక బుగ్గా మీటరూ బిగిస్తున్నారు.

ఇప్పుడు మళ్లీ రేట్ల గొడవ. బొగ్గు మా పక్కనే తవ్వుతారు, పెద్ద తీగలు మా నెత్తి మీదుగానే పోతాయి, ధర మాత్రం ఎక్కడో కూర్చుని పెంచుతారు. ఇన్ని ఇళ్లు, ఇన్ని ఫ్యాన్లు, ఫ్యాను కిందికొక మనిషి. అందరం ఒక్క వాకిట్లో కూర్చుంటే సగం కరెంటు మిగలదా అని పేపరు చదువుతూ నాలో నేనే వాదించుకుంటాను. వినేవాళ్లు లేక, చాపలు పరిచిన ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.

ఎదురింటి అక్క ఇంకా ఉంది, చూపు మందగించింది. ఇన్నేళ్లూ అడగలేనిది మొన్న అడిగేశాను. “అక్కా, లైన్‌మన్ అంత చెప్పినంక గూడ మీరెందుకు రాలే?”

ఆమె నములుతున్న వక్క పక్కకు ఉమ్మేసింది.

“అవ్ తమ్మీ, ఎంతమంది కూసున్నా బిల్లు గంతే అన్నడు గదా. మేము నీ వాకిట్ల కూసుంటే మా బుగ్గ కింద ఎవరు కూసుంటరు? బిల్లు దండుగ గాదా?”