అరచేతిలో మచ్చ లేదు

ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో ఆయా పని ఆవిడది. చదివింది ఐదో తరగతే. అయినా డాక్టరు "షాక్" అన్నాడంటే ఏమిటో ఆవిడకు తెలిసినంతగా ఆవిడుండే వీధిలో డిగ్రీలున్న వాళ్లకు తెలియదు. వీధిలో షాకంటే చెడువార్త విని నోరెళ్లబెట్టడం. ఆవిడ తమ్ముడిలాంటి కరెంటు పనివాళ్లకైతే తీగ పట్టుకుని ఎగిరి పడటం. వార్డులో మాత్రం, ఒంట్లో నెత్తురు ఆడక మనిషి కళ్లముందే చల్లబడిపోవడం.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఇంటి తాళంచెవి కోసం తమ్ముడు వైరింగ్ చేస్తున్న కొత్త షాపుకెళ్లింది. వాడు చేతిలో టీగ్లాసుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ తోటి పనివాళ్లు, నవ్వులు.

"నిచ్చెన మీంచి పడ్డాడక్కా," అన్నాడు మేస్త్రి. "చేతులు చూశా, కాలిన మచ్చ లేదు. ఉత్త బెదురు."

వాళ్ల పనిలో అదే లెక్క. ఎవడు పడినా ముందు అరచేతులు తిప్పి చూస్తారు. మచ్చ ఉంటే ఆసుపత్రి, లేకపోతే టీ.

"ఫ్లోరింగ్ గట్టిగానే వేశారక్కా, చెక్ చేశా," అన్నాడు తమ్ముడు. గొంతు పీలగా వచ్చింది.

ఆవిడ నవ్వలేదు. వాడి చెప్పు లాగేసి పాదం పట్టుకుంది. ఫ్యాను కూడా బిగించని ఆ ఉక్కపోతలో పాదం మంచుముద్దలా ఉంది. నాడి పిట్టగుండెలా కొట్టుకుంటోంది. ఎడమ డొక్కలో వేలు పెట్టగానే వాడు మెలికలు తిరిగిపోయాడు.

"పడి ఎంతసేపైంది?"

"గంటవుతుంది."



"పడుకోబెట్టండి. ఆ టీ పారబొయ్యండి, చుక్క కూడా తాగించొద్దు. ఆటో పిలువు."

"అంతేం లేదక్కా, ఇప్పుడేగా జోకేశాడు..." అన్నాడు మేస్త్రి.

"పిలుస్తావా, నన్నే మోసుకెళ్లమంటావా?"

ఆసుపత్రిలో కోసి చూస్తే, లోపల ప్లీహం పగిలి పొట్టంతా నెత్తురే. మూడు గంటలు ఆపరేషన్ చేశారు. సర్జన్ బయటికొచ్చి, "బతికాడు. ఇంకో అరగంటైతే దక్కేవాడు కాదు," అని వెళ్లిపోయాడు.

రోజూ ఎవరెవరి నెత్తురో తుడిచే వరండాలోనే ఆవిడ గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"నాతో మాట్లాడుతూనే ఉన్నాడక్కా. మాట్లాడేవాడు పోతాడా?"

పోయిన వారం ఒక పెద్దాయన 'ఇంటికెప్పుడు పంపిస్తారమ్మా' అని అడుగుతూ అడుగుతూనే ఆవిడ చేతుల్లో పోయాడు. ఆ సంగతి చెప్పబోయి మానుకుంది.  పోతాడన్నట్టు తల మాత్రం ఊపింది.

మేస్త్రి కూడా అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.