పోయిన ఏటి ఆవకాయ

2006 మే నెల. అప్పట్లో రెజిమెంటల్ బజార్‌లో నాకు ఎరువులు, విత్తనాల చిన్న దుకాణం ఉండేది. దాంతోపాటు ఇళ్లలో వర్మీ బిన్‌లు పెట్టి, నెలకోసారి వెళ్లి చూసి వచ్చేవాణ్ని. వర్మీ బిన్ అంటే అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ డ్రమ్ము. అందులో కొబ్బరి పొట్టు, మాగిన పేడ, చింపిన న్యూస్‌పేపర్ తడిపి పరుస్తాం. దాన్ని బెడ్డింగ్ అంటారు. పిడికిట పట్టి పిండితే రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. ఎర్ర వానపాములు అందులో ఉండి, పైన వేసిన కూరగాయల తొక్కల్ని తిని ఎరువు చేస్తాయి.

నేను చదివింది ఏడో తరగతి. ఈ పని తూకానికి కొన్న పాత వ్యవసాయ పత్రికలు చదివి, చేతులారా ఎన్నో వానపాముల్ని చంపుకుని నేర్చుకున్నాను. డిగ్రీలున్న పెద్దమనుషులు వచ్చి, "దీనికేమైనా కోర్సు చేశారా?" అని నవ్వి, నేను చెప్పిందే వెళ్లి ఉపన్యాసాల్లో చెప్పుకునేవారు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. దాంతో నాకొక దుర్గుణం పట్టుకుంది. ఎక్కడ బిన్ చెడినా ముందుగా ఇంటివాళ్లదే తప్పనేవాణ్ని.

రాంగోపాల్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఎస్తేరు గారని రిటైరైన టీచరు ఒంటరిగా ఉండేవారు. సొంతూరు కాకినాడ దగ్గర. బాల్కనీ లేని ఇల్లు. ఏడాది పాటు బతిమాలి డాబా మీద ఒక మూల సంపాదించి, ముప్పై కుండీలు పెంచుకున్నారు. రోజంతా ఆమెకు అదే లోకం. ఫిబ్రవరిలో నేను అక్కడ బిన్ పెట్టాను. కంపు కొట్టినా, పురుగు బయటికొచ్చినా బిన్‌తో పాటు కుండీలూ దింపాలని అసోసియేషన్ సెక్రటరీ యాదగిరి గారి షరతు.

మేలో ఒక ఉదయం ఆమె ఫోన్ చేశారు. "వానపాములు బయటికొచ్చేస్తున్నాయండీ. మెట్ల మీద కూడా ఉన్నాయి."

వెళ్లేసరికి యాదగిరి గారు డాబా తలుపు దగ్గర చీపురుతో నిలబడి ఉన్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి.

"ఏంది సార్ గిది? మా ఇంటామె వడియాలు పెడ్దామని పైకొస్తే కాళ్ల కింద పడ్డయి. ఇగ ఆమె గడప దాటుతలేదు. ఆదివారం మీటింగ్ పెడుతున్న. డబ్బా, కుండీలు అన్నీ దింపుడే."

ఎండ దెబ్బేమో అనుకున్నాను. కానీ పైన కప్పిన గోనెపట్టా తడిగానే ఉంది, నీడా ఉంది. మూత తీస్తే వానపాములు అంచులకు పాకి ముద్దలు కట్టి ఉన్నాయి. నడుమ కొన్ని చచ్చి పడున్నాయి.

"ఏం మందు కొట్టారు? చీమల పొడి చల్లారా?" అని గద్దించాను.

"మొక్కలకే కొట్టనండీ, దీనికి కొడతానా?"

"ఊరికే పారిపోవు మేడమ్. చదువుకున్నవాళ్లు, అబద్ధమెందుకు?"

నేను బెడ్డింగ్‌లో చేయి పెట్టి కెలికాను. వేళ్లకు నూనె అంటింది. వాసన చూస్తే ఆవపిండి ఘాటు.

"ఆవకాయ వేశారా?"

"పోయిన ఏటిదండీ. కొత్తది కలపాలంటే జాడీ కడగాలి కదా. అడుగున మిగిలింది చెత్తలో పారబోయడానికి చేయి రాలేదు. తిండి వస్తువు, ఇవైనా తింటాయిలే అనుకున్నాను." నూనె అంటిన నా వేళ్ల వైపు చూసి, "మనం తినేదంతా అవీ తింటాయని మీరే అన్నారు" అన్నారు.

అన్నాను. వినడానికి బాగుంటుందని ప్రతి ఇంట్లోనూ ఆ మాటే అనేవాణ్ని. వానపాము ఊపిరి తీసుకునేది చర్మంతో. ఆ చర్మం తడిగా ఉండాలి. ఉప్పు ఆ తడిని లాగేస్తుంది. ఇది నాకు తెలిసీ ఆమెకు చెప్పలేదు.

మరో డ్రమ్ములో కొత్త బెడ్డింగ్ పరిచి, బతికున్నవాటిని ఇద్దరం ఒక్కొక్కటే ఏరి, మంచినీళ్లలో ముంచి అందులో వేశాం. మధ్యాహ్నం దాటింది. అంతసేపట్లో ఆమె ఒకే మాట అన్నారు: "పిల్లలకు వానపాము పాఠం చెప్పినదాన్నే. ఉప్పు సంగతి నాకూ తెలుసు. ఆవకాయను ఉప్పు అని ఎప్పుడూ అనుకోలేదండీ."

ఆదివారం కింద పార్కింగ్‌లో కుర్చీలు వేశారు. యాదగిరి గారు నన్ను లేపి నిలబెట్టారు.

"తప్పెవరిదో సాఫ్ చెప్పు. మేడమ్ అండ్ల ఏమన్న ఏసిందా?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నారు. ఔనంటే కుండీలు ఆ సాయంత్రమే దిగుతాయి.

"ఉప్పు, నూనె వేయకూడదని నేను చెప్పాలి. చెప్పలేదు. తప్పు నాది" అన్నాను. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఆ ముక్క అనడం అదే మొదలు.

"గిది మొన్ననే చెప్తే నేను చీపురు పట్టేటోణ్ని కాదు గద" అన్నారు యాదగిరి గారు. ఎవరో నవ్వారు. బిన్‌ను మాత్రం మోటారు గది వెనక్కి దింపించారు. కుండీలు పైనే ఉన్నాయి.

అప్పటినుంచి కొత్త ఇంట్లో బిన్ పెట్టే ముందు వంటింటి గుమ్మంలో కూర్చుని ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. చెత్త ఏం వస్తుందంటే అందరూ తొక్కలు, టీ పొడి అంటారు. అందుకని, పారేయడానికి మీకు చేయి రానిది ఏముందని అడుగుతాను. కాసేపు ఆలోచించి, లేచి వెళ్లి, అలమర వెనక వరసలోంచి ఏదో ఒక సీసా తెచ్చి నా ముందు పెడతారు.