ఉప్పు వంశపు పంచదార సైన్యం

ఉద్యోగం లేని ఆ రోజుల్లో నాకొక సైన్యం ఉండేది. ఇప్పుడు ఉద్యోగం ఉంది, సైన్యం లేదు. రెండూ ఒకేసారి ఉన్న అదృష్టవంతుణ్ణి నేనింతవరకూ చూడలేదు. ప్రస్తుతం నేను చేసే పనల్లా ఒక ఆఫీసులో అద్దం వెనక కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "రూల్సులో లేదండీ" అని చెప్పడం. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా నాకు గ్రంథం బావ గుర్తొస్తాడు, అతని వెనకే చీమలు గుర్తొస్తాయి, ఆపుకోలేక నవ్వేస్తాను. (ఎదుటివాళ్ళు తమను చూసి నవ్వాననుకుంటారు. దానిమీద పైకి కంప్లయింట్లు కూడా వెళ్ళాయి.)

గ్రంథం బావ నిజానికి నాకు బావ కాడు. మా అనకాపల్లి వైపు మగవాళ్ళు ఒకర్నొకరు బావా అనో మామా అనో పిలుచుకోవడానికి చుట్టరికంతో పనిలేదు. వాళ్ళ నాన్నగారిది బెల్లం కమీషను కొట్టు. ఆ కొట్టు మేడమీద గదిలో ఒక పెద్ద బల్ల, బల్లమీద అట్టముక్కలతో కట్టిన కొండలు, పాత గోనెపట్టాతో చేసిన పొలాలు. సెలవు రోజుల్లో అక్కడ యుద్ధాలు జరిగేవి. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులకి సన్నటి కుంచెతో రంగులేసి, టేపుతో కొలిచి ముందుకు జరిపి, పాచికలు వేసి చంపుకోవడం ఆట. దీనంతటికీ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో సగం రూల్సు, సగం కథ. ఏ వంశం ఏ కొండమీద పుట్టింది, ఎవరి జెండా ఏ రంగు, ఎవరికి ఎవరిమీద ఎందుకు పగ, అన్నీ ఉంటాయి. బావ ఆ పుస్తకాన్ని చేతులు కడుక్కుని మరీ ముట్టుకునేవాడు. ఎదురుగా అగరొత్తులు వెలిగించడం ఒక్కటే తక్కువ. అందుకని అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది.

మాతో ఆడే ఇంకొకడు సెలైన్ మామ. మందుల షాపులో పని చేసేవాడు, ఎప్పుడు చూసినా ఆకలిగా ఉండేవాడు. పాపం ఒకసారి సరదాపడి తన సైనికుల బూట్లకి ఆకుపచ్చ రంగు వేసుకొస్తే, బావ వాళ్ళని బల్ల ఎక్కనివ్వలేదు. "పుస్తకంలో నల్లబూట్లు మామా" అన్నాడు. "బూట్లే గదేటి మామా, ఎవడు సూత్తాడు?" అని మామ గింజుకున్నా లాభం లేకపోయింది. బావని మొండివాడని తీసిపారేయడానికీ లేదు. అతని బాధ అతనిది. "మనం ఈ బెల్లం కొట్టు మీద ఎలాగ ఆడతన్నామో, ఎక్కడో మంచు దేశంలో మొహం తెలీనోడు కూడా అలాగే ఆడతన్నాడు బావా. ఆడికీ మనకీ కథ ఒకటే. ఎవడికి నచ్చినట్టు ఆడు రాసుకుంటే, ఇంక ఆడెవడు, మనమెవరు?" అనేవాడు. పగలంతా కొట్లో బెల్లం దిమ్మలు తూకం వేయించే కుర్రాడికి ఆ పుస్తకమే పెద్ద ప్రపంచంలోకి కిటికీ. అది నాకర్థమయ్యేది. కాకపోతే ఆ కిటికీలోంచి నన్ను రానివ్వడం లేదని కోపంగా ఉండేది.

ఎందుకంటే ఆ ప్లాస్టిక్ సైన్యాలు కొనే తాహతు నాకు లేదు. మా ఇంట్లో ఉన్నవల్లా మా పిన్ని చెక్క అచ్చులు. పెళ్ళిళ్ళకి సారెలో పెట్టే పంచదార చిలకలు పోసేది పిన్ని. అచ్చుల్ని నీళ్ళలో నానబెట్టి, రెండు చెక్కలూ కలిపి బిగించి, పైన కన్నంలోంచి కాగిన పాకం పోసి, గట్టిపడ్డాక విప్పితే, తెల్లగానో గులాబీరంగులోనో చిలకలు, ఏనుగులు, గుర్రాలు బయటికొచ్చేవి. ఇంట్లో గుర్రాలూ ఏనుగులూ ఇన్ని ఉండగా నాకు సైన్యం లేదని ఏడవడం ఏమిటి అని ఒకనాడు బుద్ధి పుట్టింది.

పిన్ని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆవిడ మా అమ్మకి చెల్లెలు. నక్కపల్లి దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. బాబాయి వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. పేపర్లో 'గల్లంతు' అని పడింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇంకో మాట అన్నారు, ఆ మాటకి తగ్గట్టు బొట్టూ గాజులూ తీసెయ్యమన్నారు. పిన్ని ఎవరితోనూ వాదించలేదు, ఎవరి మాటా వినలేదు. బొట్టుతో, గాజులతో అనకాపల్లి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. చిలకలు పోసుకునేది. మాట్లాడితే అవసరానికి ఒక మాట, అంతే. నవ్వడమైతే నేను చూడనేలేదు.

పంచదార చిలకల్నీ గుర్రాల్నీ ఆడనివ్వమని అడిగితే బావ ఆలోచించి, "వస్తువు ఏదైనా పరవాలేదు బావా, ప్లాస్టిక్కే అని పుస్తకంలో లేదు. కానీ వంశం కావాలి. చిలకల వంశం అన్నది లేదు" అన్నాడు. పుస్తకం ఇమ్మన్నాను. చేతులు కడుక్కుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. (డిగ్రీ పుస్తకాలు అలా చదివుంటే ఈపాటికి అద్దానికి ఇవతల కాదు, మేడమీద ఏసీ గదిలో ఉండేవాణ్ణి.) ఒక మూల దొరికింది, ఒకే ఒక్క చిన్న పేరా. ఉప్పు పండించి బతికే ఒక వంశం వాళ్ళు కరువొచ్చి, ఓడలెక్కి తూర్పు సముద్రం మీదికి వెళ్ళారు, తిరిగి రాలేదు. అంతే. వాళ్ళ జెండా రంగు లేదు, బూట్ల రంగూ లేదు. ఎగిరి గంతేశాను. నా చిలకలు వాళ్ళవే అన్నాను.

బావ తల అడ్డంగా ఊపాడు. "ఆళ్ళు పోయేరు బావా. పోయినోళ్ళతో ఆటేటి?"

ఇంటికొచ్చి పిన్ని దగ్గర ఏడుపుమొహం పెట్టాను. అసలు ఆ చిలకలూ గుర్రాలూ నాకెందుకు కావాలో చెప్పాలి కాబట్టి కథంతా చెప్పాను. పిన్ని పాకం గరిటె పక్కన పెట్టేసింది. "ఎన్ని ఓడలు?" అని అడిగింది. రాయలేదన్నాను. "ఏ కారులో ఎల్లేరు, వానల్లోనా, ఎండల్లోనా? బియ్యం ఒట్టుకెల్లేరా? మంచినీల్లో?" అవీ రాయలేదన్నాను. "ఏటీ రాయకుండా పుత్తకమెలాగ రాసేరు?" అని విసుక్కుని, ఆ సాయంత్రం నుంచి ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది. నీటి వాలు ఎటు లాగుతుందో, వాన నీళ్ళు గుడ్డలో ఎలా పడతారో, దీవి దొరికితే ముందేం చూడాలో. నేను మధ్యలో చిలకలెందుకొచ్చాయని అడిగితే ఆవిడ తడుముకోలేదు. "ఒడ్డు కానరాకపోతే సిలకని వదుల్తారు నాయనా. అది సెట్టున్న వేపే ఎగురుద్ది. దాని ఎనకే ఓడ పోనిత్తారు. మరి సిలకలు నేకుండా ఆళ్ళెలాగ బతుకుతారు?" అంది. ఇన్నాళ్ళ తర్వాత పిన్ని అన్ని మాటలు మాట్లాడుతుంటే అమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నాకప్పటికి తెలిసింది, ఆ ఓడల్లో ఎవరున్నారో. ఇంక ఆ చిలకలు బల్ల ఎక్కకపోతే నాకు కాదు నష్టం. ఎలాగైనా ఎక్కించాలనుకున్నాను.

ఆదివారం పెద్ద యుద్ధం. సైన్యాన్ని టిఫిన్ క్యారేజీలో సర్దుకుని బయల్దేరుతుంటే, "నానూ వత్తాను" అని పిన్ని చెప్పులేసుకుంది. యుద్ధానికి పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళిన సేనాధిపతిని నేనొక్కణ్ణే అయుంటాను. మేడ ఎక్కేసరికి బావ కంగారుపడి కుర్చీ తెచ్చాడు. కుర్చీకి చోటు లేకపోతే నేను బల్లని గోడ వైపు జరిపాను. (ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.) బెల్లం కొట్టు అంటే చీమల రాజధాని కాబట్టి, బల్లకాళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో ఉండేవి.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఆ వంశం తిరిగి రాలేదని పుస్తకంలో ఉందండి" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.

"రానేదనే గదా బాబూ ఉన్నాది. సచ్చిపోనారని రాసేరా?" అంది పిన్ని.

బావ పుస్తకం తీశాడు. ఆ పేరా చూశాడు. వెనక్కి వెళ్ళి వంశాల పట్టిక చూశాడు. యుద్ధాల వరస చూశాడు. సమాధుల పటం చూశాడు. సెలైన్ మామ టీ తాగొచ్చాడు, బావ ఇంకా చూస్తూనే ఉన్నాడు. మధ్యలో ఎక్కడో అతనికి మా బాబాయి సంగతి తట్టినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. అయినా పేజీలు తిప్పడం ఆపలేదు. జాలిపడి ఒప్పుకోవచ్చు, కానీ అతను అలాంటివాడు కాదు. చివరి అట్టదాకా చూసి, పుస్తకం మూసి, "లేదండి. రాయలేదు" అన్నాడు.

"రాయని మాట మరి నువ్వెందుకు సెప్తన్నావు?"

"తప్పేనండి. ఆళ్ళు ఉన్నట్టేనండి" అని బావ స్వయంగా నా ఉప్పు వంశాన్ని బల్లమీద నిలబెట్టాడు.

యుద్ధం మాత్రం ఘోరంగా జరిగింది. వానాకాలం కావడంతో నా సైన్యానికి చెమట పట్టింది. ముందుకు జరపబోతే గుర్రం వస్తుంది, కాళ్ళు గోనెపట్టాకే అతుక్కుని ఉండిపోతాయి. చచ్చిన పంచదారని ఏం చెయ్యాలన్నది ఇంకో ధర్మసందేహం. ప్లాస్టిక్ వాళ్ళయితే డబ్బాలోకి వెళ్ళిపోతారు. "సంపినోడు తినీడమే బాబూ" అని పిన్ని తీర్పు చెప్పింది. అంతే, అప్పటిదాకా బతుకులో ఒక్క యుద్ధం గెలవని సెలైన్ మామ వీరావేశంతో నామీద పడ్డాడు. అతని వ్యూహమంతా ఏనుగుల చుట్టూనే తిరిగింది, అవి పెద్దవి కాబట్టి.

ఏనుగులయ్యాయి, గుర్రాలయ్యాయి. ఇంతలో గోడమీంచి నల్లటి తాడులాగా ఏదో దిగుతోంది. చీమలు! కాళ్ళ కింద నీళ్ళుండగా, బల్లని తీసుకెళ్ళి గోడకి ఆనించిన తెలివి నాది. మామ పాచికలు పట్టుకుని, "ఈటికి పాచికలెవరేత్తారు మామా?" అని అరిచాడు. బావ నిజంగానే పుస్తకం తీసి, పక్కనించి దాడి చేసే మూకల గురించిన పేజీ వెతకడం మొదలుపెట్టాడు. పిన్ని లేచి చెంగుతో దులుపుతోంది, నేను ఊదుతున్నాను, ఎవరి ఊపిరికి పడిందో ఒక కొండ కూలిపోయింది. చివరికి బల్లమీద గులాబీరంగు చిలక ఒక్కటే మిగిలింది. ముక్కు విరిగిపోయింది. చీమలు దాని చుట్టూ మూగుతున్నాయి.

అప్పుడు గ్రంథం బావ పుస్తకం కింద పడేశాడు. (నేలమీద! చీమల మధ్య!) చిలకని గభాల్న తీసి, ఊది, ఒక స్టీలు గిన్నెలో కూర్చోబెట్టి, మూలనున్న నీళ్ళ బకెట్లో ఆ గిన్నెని తేలేలా వదిలాడు. రొప్పుతూ పిన్ని వైపు తిరిగి, "ఓడెక్కించేసేను పిన్నీ. ఆళ్ళకి అలవాటే గదా" అన్నాడు.

పిన్ని బకెట్లోకి చూసింది. గిన్నె మెల్లగా తిరుగుతోంది, అందులో ముక్కులేని చిలక రాణీలాగా కూర్చుంది. పిన్ని నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. కింద కొట్లోంచి బావ వాళ్ళ నాన్నగారు "ఏటర్రా అది?" అని కేకేశారు. ఆ నవ్వు తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుగా ఉంటుంది.

ఏళ్ళు గడిచాయి. బల్లమీద ఇప్పుడు కొట్టు కంప్యూటరుంది. బావకి కళ్ళద్దాలొచ్చాయి, కొట్టు అతనే చూసుకుంటున్నాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, "బావా, ఓసారి రా" అన్నాడు. వెళ్తే, ఆ ఆటకి కొత్త పుస్తకం వచ్చిందట, తెప్పించాడు. తెరిచి నా ముందు పెట్టాడు. ఉప్పు వంశానికి ఈసారి రెండు పేజీలిచ్చారు, రంగుల బొమ్మతో సహా. తుఫాను, ఓడలు, అలలు. ఒక్కరు కూడా మిగలలేదని అచ్చులో ఉంది.

నేను చదవడం అవ్వగానే బావ గల్లాపెట్టె కిందనించి గోనెసంచులు కుట్టే దబ్బనం తీశాడు, పురికొస ఎక్కించాడు. ఆకుపచ్చ బూట్లని క్షమించని మనిషి, ఆ రెండు పేజీల్నీ ఒకదానికొకటి పెట్టి, చుట్టూ గట్టిగా కుట్టేశాడు. కొస పళ్ళతో కొరికి, "మన బల్లకి పాత పుస్తకమే సెల్లుద్ది" అన్నాడు.

ఆ సాయంత్రమే వాళ్ళ చెల్లెలి పెళ్ళికి చిలకలు పురమాయించడానికి మా ఇంటికొచ్చాడు. పిన్ని అచ్చులు తుడుస్తోంది. బొట్టు అలాగే ఉంది, జుట్టు మాత్రం నెరిసింది. "కొత్త పుత్తకమొచ్చిందట గదా బాబూ, మందుల షాపు కుర్రాడు సెప్పేడు. మావోళ్ళ కబురేటైనా రాసేరా?" అని అడిగింది.

బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంకా ఏటీ రాయలేదు పిన్నీ" అన్నాడు.

"ఆళ్ళకేటి తెలుత్తాది, ఒడ్డున కూకుని రాసీవోళ్ళకి? ఎదురుగాలి గదా, ఆలీసమవుద్ది" అంది పిన్ని, అచ్చు బిగిస్తూ. తర్వాత పళ్ళెంలోంచి ముక్కు విరిగిన చిలకలు రెండు తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. డాక్టరు నన్ను తీపి ముట్టుకోవద్దన్నాడు. నేను తినేశాను. బావ తినలేదు, రుమాల్లో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో అద్దం అవతల ఒకావిడ ఏదో అడిగింది. "రూల్సులో లేదండీ" అనబోయి, "ఉండండి, చూసి చెప్తాను" అన్నాను. రూల్సు పుస్తకం తీసి చివరి అట్టదాకా చూశాను. వెనక లైన్లో గొడవ మొదలైంది, పై ఆఫీసరు తలుపు తీసి చూశాడు. మళ్ళీ కంప్లయింటు తప్పదనుకున్నాను. టిఫిన్ క్యారేజీలో సైన్యం పెట్టుకుని పిన్నితో మేడమెట్లు ఎక్కిన కుర్రాడెవరో లోపలెక్కడో ఒకటే నవ్వు.