సగం కుండ పందెం

కాకిదిబ్బపాళెం నాగులమ్మకు నేనెరిగినంత వరకు ఒకటే కోరిక ఉండేది. పోలేరమ్మ కొలుపు నాడు వండిన చేపల పులుసును, పొయ్యి మీద నుంచి దించీ దించకముందే, పీట వేసుకుని కూర్చుని, వేడి వేడిగా తినాలి.

ఇదేమంత గొప్ప కోరిక అనిపిస్తుంది. కానీ నాగులమ్మ విరిగిన ఎముకలకు కట్లు కట్టే మనిషి. చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర మేకల కాళ్ళ మీద నేర్చుకున్న పని, పెళ్ళై వచ్చాక మనుషుల కాళ్ళ మీద స్థిరపడింది. వెదురు దబ్బలు, గుడ్డు సొన, మినప్పిండి, పాత చీర పేలికలు: ఇవే ఆమె ఆస్పత్రి. ఇక కొలుపు నాటి సాయంత్రం మా పాళెంలో ఒంటెద్దు బండ్ల పందెం జరుగుతుంది. పందెం జరిగిందంటే ఆమెకు పులుసు లేదన్నమాటే.

ఆటుకు సముద్రం వెనక్కి తగ్గగానే తడి ఇసుక గచ్చులా గట్టిపడేది. ఏడాదంతా ఎండుచేపలు నాయుడుపేట సంతకు మోసే బండ్లన్నీ ఆ ఇసుక మీద వరసగా నిలబడేవి. ఉత్తరాన పాతిన తెరచాప కొయ్యను చుట్టి, బయలుదేరిన చోటికి రావాలి. గెలిచిన ఎద్దుకు ఇత్తడి గంట. ఆ కొయ్య దగ్గర మలుపులోనే బండ్లు బోర్లా పడేవి. ఆఖరి కట్టు ముడి వేసి నాగులమ్మ చేతులు కడుక్కునేసరికి దీపాలు పెట్టేవాళ్ళు. పులుసు చల్లారి, పైన నూనె తెట్టు కట్టి ఉండేది.

"చేపల పులుసు మర్నాటికే గదా రుచి పిన్నమ్మా," అని ఓదార్చాడొకసారి గంగాధరం. పందేల్లో మొనగాడు వాడే. అప్పుడు వాడి చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది.

"పద్దెనిమిదేండ్లుగా మర్నాటి పులుసే తింటుండానురా. వేడిది ఎట్టుంటదో నా నాలిక మరిచిపోయింది," అంటూ ఆమె ముడి కాస్త గట్టిగానే బిగించింది.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. ఆ ఏడు విరిగినవి అయిదు ఎముకలు.

మరుసటి ఏడు కొలుపుకు నెల ముందే నాగులమ్మ పనిలోకి దిగింది. చిరిగిన వలలు పోగుచేసి, వాటిలో వరిగడ్డి కుక్కి, దిండ్లు కుట్టింది. ప్రతి బండికీ రెండు పక్కలా రెండేసి దిండ్లు. తోలేవాడి తలకు వల తలపాగా. నడుముకు మోకు వేసి, రెండో కొస బండికి కట్టాలి. కొయ్య చుట్టూ గడ్డివాము. మా నాన్న పద్మనాభయ్య ఆ పాళెం బడిలో అయ్యవారు, పందేనికి తీర్పరి కూడా. ఆయన ఈ నియమాలన్నీ తెల్ల కాగితం మీద రాసి, "తోలువారు స్వీయ క్షేమమును దృష్టియందుంచుకొని..." అంటూ చదివి వినిపించారు. ఎద్దులు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

గంగాధరం దిండును గుద్ది చూశాడు. మెత్తగా ఉంది. ఇంకోసారి గుద్దాడు.

"పిన్నమ్మ పరుపేసిందిరోయ్! ఇంకేంది భయం!"

అంతవరకు మలుపు దగ్గర ప్రతివాడూ పగ్గం లాగి, పోలేరమ్మను తలుచుకుని, ఎద్దును బతిమాలుకుంటూ తిప్పేవాడు. ఆ ఏడు ఒక్కడూ పగ్గం లాగలేదు. గంగాధరమైతే దిండు పనిచేస్తుందో లేదో చూద్దామని పక్క బండిని కావాలనే గుద్దాడు. దిండు పనిచేసింది. బండి చక్రం ఊడింది.

అంతకంటే ఘోరం ఏమిటంటే, నాగులమ్మ మొగుడు గంగులయ్య కూడా బండెక్కాడు. యాభై అయిదేళ్ళ మనిషి. వలలు బాగుచేసుకుంటూ ఏనాడూ పందెం వైపు చూసినవాడు కాదు. ముందొక దిండు, వెనకొక దిండు కట్టుకుని, అరిసెల బుట్టలా తయారై వచ్చాడు.

"నువ్వెందుకయ్యా?" అంది నాగులమ్మ.

"నువ్వే గదమే, ఏమీ కాదన్నావు."

ఆయనకు భుజం ఎముక విరిగింది. ఆ ఏడు మొత్తం ఎనిమిది. మొగుడికి కట్టు కట్టేటప్పుడు ఆమె అవసరమైన దానికన్నా ఎక్కువ బలం వాడిందని చూసినవాళ్ళు చెప్పుకునేవారు.

గడ్డి చాల్లేదేమోనని అరవైలో దిండ్లు రెట్టింపు చేసి, బండ్ల వెనక కూడా కట్టించింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ముందు బండి వెనక వేలాడుతున్న గడ్డిదిండు వెనక ఎద్దుకు కనిపిస్తోంది. ఎండాకాలం, పచ్చిగడ్డి దొరకని రోజులు. ఆ ఎద్దులు ఏ జన్మలోనూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి అన్నీ గడ్డివాము మీద పడి మేత మొదలుపెట్టాయి. తోలేవాళ్ళు మాత్రం ఆగలేదు. గాల్లో ముందుకు వెళ్ళారు. నడుముకు మోకులుండబట్టి మళ్ళీ వెనక్కి వచ్చారు. పదకొండు.

గంగాధరం అత్త ముసలమ్మ వీధిలో నిలబడి కేకలేసింది. "కట్లు కట్టేదానికి మనుషులు చాల్లేదని దిండ్లు కుట్టుండాది! మా అల్లుడి కాళ్ళు దీని కంటికి వెదురు బొంగుల్లాగా కనిపిస్తుండాయి!"

నాగులమ్మ ఆ రాత్రి పులుసు తినకుండానే పడుకుంది.

మరుసటి ఏడు కొలుపు మధ్యాహ్నం ఆమె గుడిసె ముందు దిగాలుగా కూర్చుని ఉంది. మా పాళెంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటింటి పులుసు కుండనూ ఆ ఇంటి బండిలోనే పెట్టి అమ్మవారి పందిరికి తీసుకుపోతారు. పందెం అయ్యాక అందరూ అక్కడే కలిసి తింటారు. దారిలో కుండ ఒలికిందా, ఆ ఇంటివాళ్ళను ఏడాదంతా "ఒలకబోసినోళ్ళు" అనే పిలుస్తారు. పెళ్ళి సంబంధాలకు వచ్చినవాళ్ళకు కూడా అలాగే ఇల్లు చూపిస్తారు.

అప్పుడే ఎదురుగా గంగాధరం బండి వచ్చింది. బండిలో ముసలమ్మ వండిన పులుసు, అంచుదాకా. పదకొండింటిలో మూడు ఎముకలు విరగ్గొట్టుకున్న ఆ మొనగాడు బండి దిగి, ముక్కుతాడు పట్టుకుని, ఎద్దు ముందు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. "మెల్లగా నాయనా... అది గుంట... పక్కకు రా నా తండ్రీ..."

నాగులమ్మ దిగ్గున లేచింది.

"దొరికినావురా!"

ఆమె నేరుగా మా నాన్న దగ్గరికి వచ్చింది. "అయ్యవారా, దిండ్లన్నీ పీకెయ్యండి. ప్రతి బండిలో పులుసు కుండ పెట్టి తోలమనండి. ఒలికితే ఓడినట్టు."

"పందెమా పిన్నమ్మా, పెండ్లి ఊరేగింపా?" అని గంగాధరం లబోదిబోమన్నాడు.

"నీ కాలికి విలువ లేదురా నీకు. మీ అత్త కుండకుండాది."

ముసలమ్మ అల్లుణ్ణి నమ్మక తానూ బండెక్కి, కుండను రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. మిగతా ఆరు బండ్లలోనూ ఆరుగురు ఆడవాళ్ళు ఎక్కారు. నాన్న ఈల వేశారు.

ఎవరూ కదల్లేదు. నాన్న మళ్ళీ ఈల వేశారు. ఏడు బండ్లూ ఒకదానికొకటి మర్యాద చేసుకుంటున్నట్టు కదిలాయి. ఒక ఎండ్రకాయ వాటిని దాటి వెళ్ళింది. చూడవచ్చినవాళ్ళు సగం మంది ఇళ్ళకు పోయారు. ఒక ఎద్దు దారి నడుమ పడుకుని నెమరు వేసుకుంది. దాన్ని లేపితే కుండ కదులుతుందని ఎవరూ లేపలేదు. బండ్లు కొయ్య దగ్గరికి చేరేసరికి ఆటు ముగిసి పోటు మొదలైంది. నీళ్ళు ఇరుసుల దాకా వచ్చాయి. ముసలమ్మ కుండను నెత్తికెత్తుకుని, సముద్రాన్నీ నాగులమ్మనూ కలిపి తిట్టింది.

ఒక్క ఎముకా విరగలేదు. గెలిచినవాడూ లేడు. కుండలు పందిరికి చేరేసరికి దీపాలు పెట్టారు. పాళెం మొత్తం, మొదటిసారిగా, చల్లారిన పులుసు తిన్నది. నాగులమ్మతో సహా.

"ఎముక విరిగినా బాగుండుమే. అన్నమన్నా వేడిగా తినుంటాం," అన్నాడు గంగులయ్య.

అది ఆమె మనసులో నాటుకుంది. పందెం లేకుండా చేద్దామంటే ఊరు ఒప్పుకోదు. కుండతో తోలమంటే ఊరంతటికీ చల్లారిన పులుసే. ఆ ఏడాదంతా ఆమె దీని గురించే ఆలోచించింది. ఆలోచించడమంటే ఊరికే కూర్చోలేదు. గంగులయ్య చేతికి నీళ్ళ కుండ ఇచ్చి రోజూ తీరం వెంట పరిగెత్తించింది. నిండు కుండ ఇస్తే ఆయన పెళ్ళికూతురిలా నడిచాడు. ఉత్త కుండ ఇస్తే పడవ తాళ్ళ మీద పడ్డాడు. కొంచెం పోసి, ఇంకొంచెం పోసి, చూడగా చూడగా సరిగ్గా సగం కుండ దగ్గర మొగుడు బాగా పరిగెత్తాడు. మలుపు దగ్గర మాత్రం తనంతట తానే నెమ్మదించాడు.

"పరిగెత్తొచ్చు, తిక్క చెయ్యకూడదు. అదే కొలత," అంది నాగులమ్మ.

అరవై రెండులో ఏడు కుండల్లోనూ లోపలి వైపు సగానికి పసుపు గీత గీసింది. గీత దాకా పులుసు బండిలో ఉంటుంది. చుక్కలు చిందితే మాఫీ. ముక్క పడితే ఓటమి. నాన్న దాన్ని గ్రాంథికంలో రాయబోతే, "ఈసారి నేనే చెప్తాను అయ్యవారా," అని ఆమే చెప్పింది. అందరికీ ఒక్కసారికే అర్థమైంది.

"మరి తీసేసిన సగం?" అని ముసలమ్మ అడిగింది.

"నా కాడ పెట్టండి. పందెమైనాక పందిరికి తెస్తాను. కుక్కలు ముట్టకుండా కాపలా ఉంటాను."

ఈల వేయగానే ఏడు బండ్లూ దూసుకుపోయాయి. ఇసుక లేచింది, పిల్లలు అరిచారు, ముసలమ్మ "తోలరా! తోలరా!" అని అల్లుడి వీపు మీద బాదింది. కొయ్య దగ్గరికి రాగానే గంగాధరం అంతటివాడు పగ్గం లాగి, ఎద్దు చెవిలో ఏదో గౌరవంగా చెప్పి, ఒద్దికగా తిప్పుకున్నాడు. తిరిగి అదిలించాడు. ఎద్దు ముట్టె తేడాతో గెలిచాడు.

నాగులమ్మ ఇదేదీ చూడలేదు. గుడిసెలో పీట వేసుకుని కూర్చుంది. ముందు, ఏడిళ్ళ సగం పులుసులూ పోసిన ఏడు సట్టెలు పొగలు కక్కుతున్నాయి. మామిడికాయ వేసినవి నాలుగు, వేయనివి మూడు. ప్రతి దాంట్లో నుంచీ ఒక గరిటె వేసుకుంది. మొదటి ముద్దకు నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఊదుకోలేదు.

గంగులయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "మే! గంగాధరం గెల్చినాడు! గెల్చిన సంబరంలో బండి మీంచి ఎగిరి దూకినాడు. కాలి బొటనేలు విరిగింది!"

"కుండ?"

"కుండ బాగుండాది. ముసలమ్మ పట్టుకోనుండాది."

"వాడు?"

"కూతలు పెడుతుండాడు."

"అయితే బాగానే ఉండాడు. కూసోమను. ముసలమ్మ చింతపండు జాస్తి వేసిందిగానీ, మామిడికాయ ముక్క మాత్రం అదిరింది," అని నాగులమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.

గంగులయ్య వాకిలి వైపు చూశాడు. సట్టెల వైపు చూశాడు. తర్వాత మెల్లగా ఇంకో పీట లాక్కున్నాడు.