దిష్టి గుమ్మడికాయ సూపు

ఫిలింనగర్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసు మేడ మీద కూర్చుంటే షేక్‌పేట వైపు రాళ్ల గుట్టలు కనిపించేవి. తొంభైల మధ్యలో ఒక మధ్యాహ్నం వాటిని చూస్తూనే మా నిర్మాతగారు, మిగిలిన రెండు పాటలూ ఫ్రాన్స్ పల్లెల్లో తీద్దామన్నారు. నేను కో-డైరెక్టర్ని. వచ్చే సినిమా నాకే ఇస్తానని ఆయన అప్పటికి మూడుసార్లు అన్నారు, మూడుసార్లూ నలుగురి ముందే. ఆ మాట పట్టుకుని నేను ఏ దేశమైనా పోయేవాణ్ణి.

ఆ ఊరి పేరు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ గుర్తు లేదు. చుట్టూ ద్రాక్షతోటలు, వాటి మీద పొద్దున పదింటిదాకా కదలని పొగమంచు. మేం దిగింది ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటల్లో. కింద భోజనాల గది, పైన తొమ్మిది గదులు. తల్లి వండేది, తండ్రి గ్లాసుల్లో వైన్ పోసేవాడు, కూతురు వడ్డించేది. ఏం కావాలని అడగడమంటూ లేదు, ఆవిడ ఆ పూట ఏం వండితే అదే. చెక్కమెట్లు ఎక్కుతుంటే వెన్న కాగుతున్న వాసన మనతోపాటే పైకి వచ్చేది. పడుకుంటే దుప్పట్లకూ అదే వాసన. ఆ వారం రోజుల్లో నేను పూర్తిగా మేలుకుని ఉన్నట్టు ఒక్క పూటా జ్ఞాపకం లేదు.

మావాళ్లు మాత్రం ఊరగాయ సీసా లేనిదే టేబుల్ దగ్గరికి వచ్చేవారు కాదు. గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించిన మాంసంలో ఆవకాయ కలుపుతుంటే ఆవిడ తలుపు పక్కన నిలబడి చూసేది. మూడోరోజు తనే వేలితో కాస్త నాకి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మా వెంట వచ్చిన వంటమాస్టర్ షేక్‌పేటవాడు. అతనికి ఆవిడ తన వంటగదిలో ఒక పొయ్యి వదిలేసింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాకపోయినా ఇద్దరూ పొద్దస్తమానం కబుర్లాడుకునేవారు.

చివరి రోజు నా కొంప మునిగింది. షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొట్టాలి. కొట్టకుండా మా నిర్మాతగారు కారెక్కరు. హైదరాబాద్ నుంచి తేవాల్సిన కాయను నేను ఆఫీసులోనే మరిచిపోయాను. హోటల్ పెరటిగోడ మీద ఎండకు పెట్టిన గుమ్మడికాయ ఒకటుంది, ఎర్రగా, గుండ్రంగా. చేతులు తిప్పి సైగలతో అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఏప్రన్‌తో తుడిచి, చంటిపిల్లను అందించినట్టు నా చేతుల్లో పెట్టింది. మా వంటమాస్టర్ దాంతో మన కూరేదో చేస్తాడనుకుందని కూతురు చెప్పింది, ఆలస్యంగా.

సాయంత్రం హోటల్ గుమ్మం ముందే, కాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకు మూడుసార్లు దిష్టి తీసి రాళ్ల మీద కొట్టాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ గబగబా వచ్చి, వంగి ముక్కలన్నీ ఏప్రన్‌లోకి ఏరుకుని లోపలికి వెళ్లింది. నా చేయి జారిందనుకుందేమో పాపం.

భోజనాల వేళ ప్రతి ఒక్కరి ముందూ ఒక గిన్నె. బంగారు రంగు సూపు, పైన మీగడ. దిష్టి తీసిన కాయను మనం తొక్కను కూడా తొక్కం, ఇక తినడమా. నిర్మాతగారు గిన్నెను మెల్లగా పక్కకు జరిపి నా వైపు చూశారు. నా సినిమా ఆ చూపులో ఉంది. తీసిన స్పూను కింద పెట్టేశాను. ఎంత కమ్మటి వాసనో, ఎంత ఆకలో. బల్లలన్నిటి మీదా గిన్నెలు నిండుగా చల్లారిపోతున్నాయి.

వంటమాస్టర్ మాత్రం తన గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్లి ఆవిడ పక్కన నిలబడి తాగాడు. మా ప్రొడక్షన్ మేనేజర్ కసిరితే తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

“అమ్మ చేత్తోని పెట్టింది సార్. దీంట్ల దిష్టి ఏడుంటది?”

నాకు సిగ్గేసింది. అయినా కుర్చీలోంచి లేవలేదు. నిర్మాతగారు ఆ తర్వాత మాట నిలబెట్టుకున్నారు. జూబ్లీ హిల్స్‌లో నా సినిమా ముహూర్తం ఘనంగానే జరిగింది. ఆ పూలదండల్లో నేను నవ్వుతున్న ఫోటో ఇంట్లో ఎక్కడో ఉంది.

ఆ ఊళ్లో, సూపు పెట్టిన మర్నాడు పొద్దున మంచులో పెట్టెలు ఎక్కిస్తుంటే కూతురు వచ్చీరాని ఇంగ్లీషు కూడదీసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వెనకే తల్లి, తడిచేతులు తుడుచుకుంటూ.

“సూపులో ఉప్పు ఎక్కువైందా అని అమ్మ అడుగుతోంది.”

ఉన్నమాట చెప్పొచ్చు. రెండు నిమిషాల పని. కానీ దిష్టి సంగతి చెబితే, ఆవిడ ఇచ్చిన కాయను నేనెందుకు అడిగి తీసుకున్నానో కూడా చెప్పాలి. పక్కనే కారులో అద్దం దించుకుని నిర్మాతగారు వింటున్నారు.

“కొంచెం,” అన్నాను.

కూతురు ఆ మాట చెప్పింది. ఆవిడ మొహం మెడదాకా ఎర్రబడింది. దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో అంది. ఏమంటోందని కూతుర్ని అడిగాను.

“క్షమించమంటోంది,” అంది.