అట్ట అడ్డం పెట్టిన ఒకటిన్నర నిమిషం

2022, వానాకాలం. సుల్తానాబాద్‌లో ఒక పాత థియేటర్‌లో నేను ఆపరేటర్‌ని. నాట్లు పడే రోజులు కాబట్టి జనం పలచగా వస్తున్నారు. ఆ వారం ఒక యుద్ధం సినిమా ఆడుతోంది. దానికి ఎ సర్టిఫికెట్, అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు టికెట్ ఇవ్వకూడదు.

రీళ్ల కాలంలో ఇబ్బందిగా ఉన్న ముక్కను కత్తిరించి పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు సినిమా సర్వర్‌లో, అంటే తాళం వేసిన కంప్యూటర్ పెట్టెలో ఉంటుంది. దాన్ని కత్తిరించడం మన తరం కాదు. అందుకని నా దగ్గర ఒక అట్ట ఉండేది. ప్రొజెక్టర్ వెలుగు హాల్లోకి పోయే చిన్న అద్దం కిటికీని పోర్ట్ గ్లాస్ అంటాం. మ్యాట్నీకి ఆడవాళ్లు ఎక్కువ వస్తారు కనుక, పడకగది సీను రాగానే ఆ అద్దానికి అట్ట అడ్డం పెట్టి సౌండ్ తగ్గించేవాణ్ని. ఓనరుకూ అదే ఇష్టం. ఫస్ట్ షో, సెకండ్ షోలకు మాత్రం పెట్టేవాణ్ని కాదు, మగవాళ్లు ఊరుకోరు. ఈ సినిమాకి ఇంటర్వెల్ తర్వాత ఇరవయ్యో నిమిషంలో అట్ట పెట్టడం, ఒకటిన్నర నిమిషానికి తీయడం. ఒక్క సెకను కూడా తప్పనని నాకు మహా గొప్ప.

బుధవారం మ్యాట్నీకి ముందు ఒకావిడ మెట్లెక్కి వచ్చి ఆపరేటర్ రూము గడప దగ్గర నిలబడింది. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. పేరు స్వరూప అని చెప్పింది.

"అన్నా, సోమవారం మ్యాట్నీల ఒకకాడ బొమ్మ నల్లగైంది. మిషిన్ ఖరాబైందా?"

"ఖరాబ్ కాలే చెల్లె. ఆడోళ్లు చూసేటిది కాదని నేనే మూసిన."

"అండ్ల ఏమున్నది?"

"గదే... గట్లాంటిదే. ఫికర్ చెయ్యకు, కథకేం తక్కువ కాలే" అన్నాను.

ఆమె కదల్లేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా ఆయన మిలిట్రీల చేసిండు. బార్డర్ల కాలు పోయింది. ఇంటికొచ్చి ఎనిమిది నెలలాయె. ఆయన ఒక అర్రల పండుకుంటడు, నేనొక అర్రల. దగ్గరికి పోతే లైటు తీసెయ్యమంటడు, తీసేస్తే నిద్రొస్తుందంటడు. మొన్న ఆదివారం ఒక్కడే ఫస్ట్ షో చూసొచ్చి, నువ్వు గూడ చూసి రా అన్నడు. గంతే. చూసొచ్చిన. ఎట్లుంది అని అడిగిండు. లడాయి బాగ తీసిన్రు అన్న. మొఖం అటు తిప్పుకున్నడు. అప్పటిసంది నేను అన్నం పెడితే గూడ తింటలేడు. నాకు సమజైంది అన్నా. ఆయన నాకు చెప్పాలనుకున్నది నువ్వు మూసినకాడనే ఉన్నది."

అందులో ఏముందో చెబుదామని నోరు తెరిచాక తెలిసింది, ఆ సీను నేనూ చూడలేదని. మ్యాట్నీలో గడియారం చూసేవాణ్ని. మిగతా షోలలో ఆ టైముకు టీ తాగేవాణ్ని.

"రేపు ఆఖరు రోజు. మ్యాట్నీకి రా. ముయ్యను" అన్నాను.

"మీ సేటు ఏమనడా?"

"అంటే అంటడు."

గురువారం ఆమె బాల్కనీ మొదటి వరుసలో కూర్చుంది. సీను దగ్గరపడగానే నా చెయ్యి అలవాటుగా అట్ట మీదికి పోయింది. అట్టను కింద పడేసి, అద్దంలోంచి చూశాను.

సిపాయి లైటు ఆర్పబోతాడు, భార్య ఆర్పనివ్వదు. అతని కట్టుడు కాలు పట్టీలు తనే విప్పుతుంది. అతను ఆమెను తోసేస్తాడు. ఆమె పోదు. తెగిన కాలి మీద చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరి ఒంటి మీదా బట్టలు లేవు, నిజమే. అతను ఏడుస్తూనే ఆమెను దగ్గరకు తీసుకుంటాడు. హాల్లో ఎవరూ ఈల వేయలేదు. ఒకరిద్దరు దగ్గారు, అంతే.

సీను అయిపోగానే స్వరూప లేచింది. ఆమె మనసు కష్టపెట్టానేమో అనుకున్నాను. గది బయటికొచ్చి మెట్ల మీది నుంచి చూశాను. తుంపర పడుతోంది. సినిమా ఇంకా ముప్పావుగంట ఉంది, అసలు లడాయి రానేలేదు. ఆమె ఆటో కోసం కూడా ఆగకుండా, చెప్పులు చేతపట్టుకుని ఇంటిదారిన గబగబా పోతోంది.

ఎ సర్టిఫికెట్ సినిమాకు పిల్లల్ని గేటు దగ్గరే ఆపుతాం. లోపల కూర్చున్నదంతా పెద్దవాళ్లే. మరి ఇన్నేళ్లు నేను ఎవరి దగ్గర ఏం దాచినట్టు? ఆ తర్వాత మళ్లీ అట్ట పెట్టలేదు. ఓనరు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు, తర్వాత మరిచిపోయాడు.

ఇంకొక మాట. ఈ పని మధ్యలో మానేసి ఆరేళ్లు దుబాయిలో ఉన్నాను. తిరిగొచ్చాక నేనూ నా భార్య రాజవ్వా ఒకే ఇంట్లో కొత్తవాళ్లలా మసలుకున్నాం. ఆమె చెయ్యి పట్టుకోవాలని ఎంతగానో ఉండేది. ముందు ఆమే పట్టుకుంటుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆమె కూడా అలాగే చూసిందేమో, అడగలేదు. ఆమె చనిపోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు అలాంటి సీను వస్తే టీ పక్కన పెట్టి చూస్తాను. రాజవ్వ ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఒక్క మ్యాట్నీకి పంపి, ఇంటికి పోయాక "ఎట్లుంది" అని అడిగేవాణ్ని.